మెట్టు ఎత్తెంత

ఆగస్టు. నాగావళి ఎర్రగా దిగుతోంది.
శ్రీకాకుళం ఆఫీసులో కాగితాలు ఎగురుతాయని
ఫ్యాను ఆపేసి కూర్చున్నాం నలుగురం.

పన్నెండేళ్ల వరద లెక్కలు.
నావి మీటర్లలో.
కాలేజీ హైమవతి మేడం పిల్లలు కొలిచినవి అడుగుల్లో.
ఆనకట్ట పాత్రో గారివి గేజీ అంకెలు,
తుప్పు పట్టిన చోట ప్రశ్నార్థకాలు.
రేవు కాపలా గొర్లె తవిటయ్యవి
అట్టలూడిన తొమ్మిది నోటుపుస్తకాలు:
"మూడు మెట్లు ములిగినాయి. వోన నేదు."
"ఏడు మెట్లు. గొడ్డొకటి కొట్టుకొచ్చింది."

మూడేళ్లుగా ఇవి కలవలేదు.
మేం కలిసేవాళ్లం. టీలు తాగి
ఎవరి పట్టిక వాళ్లం చంకన పెట్టుకుని పోయేవాళ్లం.

ఈసారి మేడం ల్యాప్‌టాప్‌లో భాషా నమూనా తెరిచి
నాలుగు లెక్కలూ దాని ముందు పోసింది,
నాలుగిళ్ల బియ్యం ఒకే చాటలో పోసినట్టు.
అది చెరగడం మొదలెట్టింది.
"ఈ అంకె నిజమైతే ఆ రోజు
వంతెన మీదుగా నీళ్లు పారాలి. పారాయా?"
పారలేదు. ఒక సున్నా ఎక్కువ. నాదే.
తొమ్మిదేళ్లుగా నా సంతకం పక్కనే కూర్చుని ఉంది.

వోనంటే వాన అని తెలుసుకుంది.
గెడ్డ దగ్గర ఆగింది. గడ్డా? గడ్డమా?
"గెడ్డంటే గెడ్డే. ఏటి, దానికి తెల్దా?"
వాగు అని టైపు చేశాను.

తరవాత అడిగింది,
పన్నెండేళ్లలో మేం ఒకరినొకరం అడగనిది:
"మెట్టు ఎత్తెంత?"

నేను మేడం వైపు చూశాను.
మేడం పాత్రో గారి వైపు.
"జానెడుంటాదేమో," అన్నాడు తవిటయ్య.
"ప్రస్తుతానికి తొమ్మిదంగుళాలు అనుకుంటాను.
ఎవరూ కొలవలేదు కనక పక్కన చుక్క పెడతాను."

ఆ చుక్క నాకు నచ్చింది.
మా ఆఫీసులో తెలియనిదానికి ముద్ర వేస్తాం.
తవిటయ్యకి నచ్చలేదు.
"నా పుస్తకానికి సుక్కెట్టడమేటి?"
తువ్వాలు దులిపి లేచాడు.

సాయంత్రానికి ఆమదాలవలస దాటి రేవులో ఉన్నాం.
టేపు నా చేతిలో, గొడుగు మేడం చేతిలో,
పాత్రో గారి చెప్పులు పాత్రో గారి చేతిలో.
అడుగువి ఐదూ నల్లరాయి:
పదకొండు, పది, పదకొండున్నర,
నాలుగోది పదకొండే గాని ఒక పక్క అరిగి ఎనిమిది,
దాని మీద బట్టలుతుకుతారు. ఐదోది పది.
పైన నాలుగూ సిమెంటు, ఆరేసి అంగుళాలు.
"ఈడ మునుపు మూడే రాళ్లు.
తుపాను యేడు కొట్టుకుపోతే నాలుగేసినారు."

పాత్రో గారు అక్కడే కూలబడ్డారు.
ఆయన మూడేళ్లు వెతికిన తేడా అదే.

గట్టు మీద బడ్డీకొట్టు బల్ల మీద అదంతా చెప్పాం.
నాలుగు గీతలూ దగ్గరికి జరిగాయి,
చలికి ఒకే దుప్పట్లోకి చేరినట్టు.
ఒక్క రాత్రి మాత్రం ఖాళీ.
"కాపలాదారు ఆ రాత్రి రేవులోనే ఉన్నట్టు రాశారు.
కొలత ఎందుకు లేదు?"

తవిటయ్య మొహం పాలిపోయింది.
పుస్తకం తిప్పాం. ఆయన రాతే:
"రేతిరి రేవుకాడ నేను."

మేడం పుట్టిందీ పెరిగిందీ విజయవాడ.
ఆవిడకీ తట్టలేదు.
నేను పలాస పిల్లని. నవ్వబోయి ఆగిపోయాను.
"నాను నేనమ్మా ఆ రేతిరి. దిబ్బ మీదకి
గుంటల్ని మోస్తన్నాను. ఏడుగురు."

మా వైపు నేను అంటే లేను అని రాశాను.
"సరిదిద్దాను. ఈ మాట మరో పదకొండు చోట్ల ఉంది.
ఎక్కడ ఉన్నారో, ఎక్కడ లేరో నేను తేల్చలేను.
మీరే చూసి చెప్పండి."

కొట్టువాడు దీపం దగ్గరికి జరిపాడు.
నాలుగు తలలు ఒకే పుస్తకం మీద వంగాయి,
తవిటయ్య వేలు అక్షరాల కింద నడుస్తోంది.
కింద నీళ్లు రాయిని నాకిన చప్పుడు.
తలెత్తకుండానే అన్నాడు,
"నాలుగోది ములిగింది."
ఆగి, "పదకొండంగుళాలు."